మీకు తెలుసా? రాత్రి నిలబడ్డ కారు తెల్లారేసరికి ఎందుకు కూర్చుంటుందో!

బొల్లాపల్లిలో ఓ ఇంటి ముందు రాత్రి దర్జాగా నిలబెట్టిన ఖరీదైన ఎస్‌యూవీ, పొద్దున్నే చూస్తే వెనక వైపు చతికిలబడి ఉందనుకోండి. టైర్లలో గాలి నిండుగా ఉంది. డిక్కీలో బరువేమీ లేదు. మరి కూర్చోబెట్టిందెవరు? చెప్పుకోండి చూద్దాం!

★ రెండు టన్నులు దాటిన బండి వెనక భాగాన్ని మోస్తున్నది ఇనుము కాదు, ఉత్త గాలి! చాలా ఖరీదైన ఎస్‌యూవీల్లో వెనక చక్రాల దగ్గర స్ప్రింగులకు బదులు రబ్బరు తిత్తులుంటాయి, వాటిలో గాలి తగ్గితే బండి కిందికి దిగిపోతుంది.

★ ఒక్క అరచెయ్యంత గాలి 15 మిర్చి టిక్కీలను (బస్తాలను) ఎత్తగలదు! తిత్తిలో ఒత్తిడి 6 బార్లు ఉంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 6 కిలోల బలం పడుతుంది. 10 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న జాగాలో అది 600 కిలోలు. టిక్కీ 40 కిలోల లెక్కన మీరే భాగించి చూసుకోండి. అదే కారు టైరులో ఉండే ఒత్తిడి రెండు, రెండున్నర బార్లే!

★ ఇంత బరువు మోసే ఆ తిత్తి గోడ మందం సుమారు 2 మిల్లీమీటర్లే! రబ్బరు పొరల మధ్య దారాల అల్లిక ఉంటుంది, అసలు బలమంతా ఆ దారాలదే.

★ సెకనుకు అర ఘన సెంటీమీటరు గాలి పోతే చాలు, తెల్లారేసరికి కారు కూలబడుతుంది! 3 లీటర్ల తిత్తిలో 6 బార్ల ఒత్తిడితో కూరిన గాలిని బయటికి వదిలితే దాదాపు 21 లీటర్లవుతుంది. పది గంటల రాత్రిని సెకన్లలోకి మారిస్తే 36,000, భాగించండి. చెవి ఆనించినా చప్పుడు వినబడనంత చిన్న కన్నం అది.

★ చెవికి అందని ఆ కన్నాన్ని పట్టించేది సబ్బు నీళ్లు! అనుమానమున్న చోటల్లా నురగ పూసి కాసేపు చూస్తే, గాలి తప్పించుకునే చోట బుడగ ఉబ్బుతుంది. మన పెద్దవాళ్ల కుంకుడు రసమైనా ఈ పనికి సరిపోతుంది!

★ ఇదిగో మీకో పొడుపు: ఒక మూల మాత్రమే దిగితే ఎక్కడ వెతకాలి, వెనక రెండు మూలలూ ఒకేసారి దిగితే ఎక్కడ వెతకాలి? ఒక మూలైతే ముందు ఆ వైపు తిత్తినీ దాని గొట్టాన్నీ అనుమానించాలి. రెండూ దిగితే రెండింటికీ గాలి పంచే వాల్వుల పెట్టెను, కంప్రెసర్‌ను, ఉమ్మడి గొట్టాన్ని కూడా చూడాలి.

★ లక్షల బండికి వచ్చిన జబ్బు ఒక్కోసారి ఒక సెంటీమీటరు గొట్టం కోస్తే పోతుంది! గాలి గొట్టాలు చాలా బండ్లలో 4 లేక 6 మిల్లీమీటర్ల నైలాన్ గొట్టాలే; వాటి కొస గీసుకుపోయినా, ఏటవాలుగా తెగినా బిగింపు దగ్గర గాలి కారుతుంది. తిత్తుల్లో గాలంతా వదిలేశాక కొసను పదునైన బ్లేడుతో గొట్టానికి సరిగ్గా అడ్డంగా కోసి మళ్లీ లోపలిదాకా నెడితే సరి. గొట్టం పొడవు చాలాలి సుమండీ!

★ పంక్చర్ షాపులో టైరు ట్యూబుకు వేసే అతుకు ఈ తిత్తికి పనికిరాదు! బండి ఊగినప్పుడల్లా రబ్బరు మడత తిరగబడుతూ ఉంటుంది, పగుళ్లు ఎక్కువగా వచ్చేదీ సరిగ్గా ఆ మడతలోనే. అందుకే తిత్తినే మార్చాలి.

★ గాలిలో పది కోట్ల వంతుల్లో నాలుగైదు వంతులున్న ఓజోన్ రబ్బరును చీల్చేస్తుంది! వదులుగా ఉన్న రబ్బరును అంతగా పట్టించుకోదు కానీ, సాగి ఉన్న రబ్బరు కనిపిస్తే దాని సాగుదలకు అడ్డంగా పగుళ్లు పెడుతుంది.

★ కారుతున్నట్టు కనిపించే కారు ఒక్కోసారి కారదు! ఎండలకు పేరుమోసిన మన రెంటచింతల వైపు మధ్యాహ్నం 45 డిగ్రీల వేడిలో నిలిపిన బండి, తెల్లవారుజామున 25 డిగ్రీలకు చల్లబడితే లోపలి గాలి నూటికి 6 వంతులు కుంచించుకుపోతుంది. రెండు వైపులా సమానంగా, కొద్దిగా మాత్రమే దిగితే సబ్బు నీళ్లకు ముందు వాతావరణాన్ని చూడండి.

★ గాలిని నొక్కితే నిప్పంత వేడెక్కుతుంది! వేడి బయటికి పోనివ్వకుండా 27 డిగ్రీల గాలిని పది రెట్ల ఒత్తిడికి నొక్కితే 300 డిగ్రీలు దాటుతుందని లెక్క; స్పార్క్ ప్లగ్గు లేకుండానే డీజిల్ ఇంజిన్ మండేది ఈ సూత్రంతోనే. అందుకే చిన్న కన్నాన్ని అలాగే వదిలేస్తే, పోయిన గాలిని పూడ్చాలని మాటిమాటికీ తిరిగి కంప్రెసర్ కాలిపోతుంది. చిన్న ఖర్చు పెద్ద ఖర్చయ్యేది ఇక్కడే!

★ ఈ బండికి ఊపిరి వదలడం కూడా ఉపయోగమే! లోపలికి వెళ్లే గాలిలో చెమ్మను సిలికా జెల్ గుళికలు పీల్చుకుంటాయి, బండి కిందికి దిగేటప్పుడు బయటికొచ్చే పొడిగాలి అదే దారిలో ఆ చెమ్మను ఊడ్చుకుపోతుంది.

★ గాలి టైరును 23 ఏళ్ల కుర్రాడు కనిపెడితే లోకం 43 ఏళ్లు మరిచిపోయింది! స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో పేటెంటు తీసుకున్నాడు. పశువైద్యుడు డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కోసం దాన్ని మళ్లీ కనిపెట్టి 1888లో పేటెంటు తీసుకున్నాడు.

★ కుదుపులు మింగే సస్పెన్షన్ ఒక దేశాధ్యక్షుణ్ణి కాపాడింది! 1962 ఆగస్టు 22న ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ కారు మీద తూటాల వాన కురిసింది. టైర్లు పంక్చరైనా ఆ సిట్రోయెన్ డీఎస్ ఆగకుండా దూసుకుపోయింది, దాని సస్పెన్షన్‌లో స్ప్రింగులకు బదులు నైట్రోజన్ వాయువు, నూనె ఉండేవి.

★ కొండలూ గుట్టలూ ఎక్కే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండికి ఎలక్ట్రానిక్ గాలి సస్పెన్షన్ వచ్చింది 1992లో! ఆ మొదటి బండి రేంజ్ రోవర్.

★ ఖరీదైన కారు లేకపోయినా మన పల్నాటివాళ్లు గాలి మీద ప్రయాణించవచ్చు! నడికుడి, పిడుగురాళ్ల మీదుగా గుంటూరు వైపు పరిగెత్తే సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ రైలు పెట్టెల కింద గాలి స్ప్రింగులే ఉన్నాయి. ఆ రైలు 2023 ఏప్రిల్ 8న మొదలైంది.

★ కొత్త తిత్తి బిగించాక చాలా బండ్లలో కారును వెంటనే కిందికి దించకూడదు! ఖాళీ తిత్తి మీద బరువు పడితే రబ్బరు అడ్డదిడ్డంగా మడత పడి కొత్తదే చిరుగుతుంది. తిత్తిలో కొంత గాలి నిండాకే జాకీ దించాలి, ఎంత నింపాలో ఆ బండి పుస్తకంలో చూసుకోవాలి.

★ ఇంజిన్ ఆపేసినా కొన్ని బండ్లు తమంతట తామే ఎత్తు సరిచేసుకుంటాయి! చక్రాల దగ్గరున్న సెన్సర్లు తేడా కనిపెట్టి గాలి వదిలిస్తాయి, అందుకే జాకీ పెట్టే ముందు సస్పెన్షన్‌ను ఆపే మీట నొక్కాలి.

ఇంట్లో మరమ్మతుకు పూనుకునేవాళ్లకు చేతులెత్తి మొక్కి చెప్పే మాట ఒక్కటుంది. తిత్తిలో గాలి పోతే బండి చెప్పకుండా కిందికొస్తుంది, జాకీ జారినా అంతే. గట్టి నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి, రెండు వైపులా ఇనుప స్టాండ్లు నిలబెట్టాకే సబ్బు నీళ్ల గిన్నె పట్టుకోండి. స్టాండ్లు లేకపోతే కారు కిందికి తల పెట్టకండి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.