హాలిఫాక్స్‌ డీజే.. మా ఊరి మైక్‌ సెట్‌!

కెనడా తూర్పు తీరంలో, అట్లాంటిక్‌ సముద్రం ఒడ్డున ఉంది హాలిఫాక్స్‌. నోవా స్కోషియా రాజధాని. 2021 జనాభా లెక్కల ప్రకారం చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపినా ఇక్కడి జనం 4,39,819 మంది. మన గుంటూరు కంటే తక్కువే. హిప్‌హాప్‌ అనగానే న్యూయార్క్‌, లాస్‌ ఏంజెలెస్‌ గుర్తొస్తాయి గానీ, చేపల పడవలకు, ఓడరేవుకు పేరుపడ్డ ఇలాంటి ఊరు గుర్తురాదు. అయినా రికార్డు ప్లేట్లనే ప్రాణంగా చూసుకుని ప్రపంచానికి తెలిసిన డీజేలు ఈ ఊరి నుంచి వచ్చారు. నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం చేస్తున్నాను. వీళ్ల గురించి తెలుసుకుంటున్న కొద్దీ నాకు మా ఊరి మైక్‌ సెట్‌ గుర్తుకొచ్చింది. ఎందుకో చెబుతాను.

పల్లె నుంచి రేడియో దాకా

హాలిఫాక్స్‌ నుంచి కారులో కాస్త దూరం పోతే మౌంట్‌ యునియాక్‌ అనే పల్లె వస్తుంది. 1972లో పుట్టిన రిచర్డ్‌ టెర్ఫ్రీ పెరిగింది అక్కడే. సంగీత ప్రపంచానికి ఆయన ‘బక్‌ 65’. 1990లలో డల్‌హౌసీ యూనివర్సిటీ క్యాంపస్‌ రేడియో ‘సీకేడీయూ’లో హిప్‌హాప్‌ కార్యక్రమం నడిపారు. ప్లేట్లు తిప్పడం, పాట కట్టడం, పాడటం అన్నీ తనే చేసేవారు. 2003లో వచ్చిన ఆయన ఆల్బమ్‌ ‘టాకిన్‌ హాంకీ బ్లూస్‌’కు మరుసటి ఏడాది కెనడా సంగీత పురస్కారం జూనో దక్కింది. 2008లో సీబీసీ రేడియోలో ‘డ్రైవ్‌’ కార్యక్రమం బాధ్యత తీసుకున్నారు. పల్లెటూరి పిల్లాడి గొంతు దేశమంతా వినపడింది.

ఆయన తర్వాతి తరం వాడు పాల్‌ మర్ఫీ. వేదిక మీద పేరు ‘స్క్రాచ్‌ బాస్టిడ్‌’. అమెరికాలో పేరున్న హిప్‌హాప్‌ పోటీ ‘స్క్రిబుల్‌ జామ్‌’లో డీజే విభాగంలో మూడుసార్లు గెలిచారు. బక్‌ 65 పాడిన ‘సిచ్యుయేషన్‌’ ఆల్బమ్‌కు 2007లో సంగీతం కూర్చింది ఈయనే.

చిన్న ఊరి డీజేకు ఒక ఇబ్బంది ఉంటుంది, అదే లాభం కూడా. పెద్ద నగరంలోలా కోరిన ప్లేటు దుకాణంలో దొరకదు. పాత సామాన్ల షాపుల్లో, గ్యారేజీ సేల్స్‌లో అట్టపెట్టెలు వెతుక్కోవాలి. అక్కడ దొరికేవి ఎవరి తాతగారివో కంట్రీ పాటలు, చర్చి బృందగానాలు, పిల్లల కథల ప్లేట్లు. వాటిలోంచే పనికొచ్చే నాలుగు సెకన్లు ఏరుకోవాలి. బక్‌ 65 పాటల్లో కంట్రీ, బ్లూస్‌, హిప్‌హాప్‌ కలిసిపోయి వినపడటానికి ఈ అలవాటు కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

నాలుగు సెకన్ల ముక్క

అసలు డీజేకు ప్లేటుతో పనేమిటి? పాట నడుస్తుండగా ఒకచోట గొంతు, మిగతా వాయిద్యాలు ఆగి డ్రమ్స్‌ మాత్రమే మోగుతాయి. దాన్ని ‘బ్రేక్‌’ అంటారు. జనం బాగా ఊగేది అక్కడే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌ బ్రాంక్స్‌లో, తన చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీలో డీజే కూల్‌ హెర్క్‌ ప్లేట్లు తిప్పారు. హిప్‌హాప్‌ పుట్టినరోజుగా అందరూ చెప్పుకునేది ఆ రోజునే. ఒకే పాట ప్లేట్లు రెండు పెట్టుకుని, మొదటి దాంట్లో బ్రేక్‌ అయిపోగానే రెండో దాంట్లో మొదలుపెట్టడం, ఈలోగా మొదటిదాన్ని చేత్తో వెనక్కి తిప్పుకోవడం ఆయన తెచ్చిన పద్ధతి. అలా నాలుగు సెకన్ల ముక్క నాలుగు నిమిషాలు సాగుతుంది.

తను వాడే ప్లేటు ఏదో పోటీదారులకు తెలియకుండా హెర్క్‌ వాటిని నీళ్లలో నానబెట్టి లేబుళ్లు ఊడదీసేవారట. ఏ గాడిలో ఏముందో గుర్తుంచుకోవాల్సింది తన తలలోనే.

ఇప్పుడు చాలామంది డీజేలు ల్యాప్‌టాప్‌ వాడతారు. అయినా చెయ్యి మాత్రం ప్లేటు మీదే ఉంటుంది. ఇక్కడ నాలోని ఇంజినీరుకు ఆసక్తి పుట్టింది. సెరాటో లాంటి సాఫ్ట్‌వేర్‌తో వాడే ప్లేటులో పాట ఉండదు, సన్నని కూత లాంటి ఒక సంకేతం ఉంటుంది. కుడి, ఎడమ చానళ్లలో ఆ సంకేతం కాస్త ముందూ వెనకగా నడుస్తుంది. ఏది ముందొచ్చిందో చూసి ప్లేటు ఎటు తిరుగుతోందో కంప్యూటర్‌ పసిగడుతుంది. కూత సన్నబడితే వేగం పెరిగిందని అర్థం. ముల్లు ఎక్కడుందో కూడా ఆ సంకేతంలోనే రాసి ఉంటుంది. ఇంత సాఫ్ట్‌వేర్‌ రాసింది దేనికంటే, వేలికి ప్లేటు తగిలే అనుభవం పోకుండా ఉండటానికి!

మైక్‌ సెట్‌ బాబాయి

మా బాబాయి తెనాలి దగ్గర పల్లెలో మైక్‌ సెట్‌ అద్దెకిచ్చేవారు. పెళ్లి, శ్రీరామనవమి, పుష్పవతి వేడుక.. ఏదైనా పెట్టె, బాకా, బ్యాటరీ బండి మీద వేసుకుని వెళ్లాల్సిందే. 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకు అటూ ఇటూ మోగుతుంది. అంటే కూర్చున్న చోటు నుంచి కదలడానికి ఉండదు. తర్వాత ఈపీలు, ఎల్పీలు వచ్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నానని ఆయనే చెబుతుంటారు.

మగపెళ్లివారి బస్సు మలుపు తిరగగానే ఏది వెయ్యాలి, తలంబ్రాలప్పుడు ‘సీతారామ కల్యాణం’లోని ఏ పాట, అప్పగింతలప్పుడు ఏది, భోజనాల వేళ ఏది.. ఇదంతా ఆయనకు లెక్కే. తెల్లవారుజామున గుడి బాకాలో ఘంటసాల గారి భగవద్గీత వేసేదీ ఆయనే. జనాన్ని చూసి ప్లేటు మార్చేవాణ్ని డీజే అంటే, మా బాబాయి ఆ పేరు వినకముందే డీజే.

ప్లేట్ల లేబుళ్ల మీద తెల్ల పెయింటుతో నంబర్లు వేసుకునేవారు. ఏ నంబరు దేనికో ఒక నోటుపుస్తకంలో ఉండేది. దాన్ని చెదలు తినేశాయి. కొన్ని ప్లేట్ల లేబుళ్లు కూడా అరిగి అక్షరాలు పోయాయి. ఈ మధ్య పాత ఇల్లు పడగొట్టి డాబా కట్టాలనుకున్నారు. అటక మీది రేకు పెట్టె దించితే నూటికి పైగా ప్లేట్లు బయటపడ్డాయి. పాత ఇనుము కొనేవాడు పెట్టెకు రేటు కట్టాడు, ప్లేట్లకు కట్టలేదు.

విషయం తెలిసి తమ్ముడికి వాట్సాప్‌ వీడియో కాల్‌ చేశాను. బాబాయికి ఎనభై దాటాయి, చూపు ఆనదు. తమ్ముడు నంబరు చదువుతుంటే ఆయన చెప్పడం మొదలుపెట్టారు. “ముప్పై ఏడా? అంచు కాస్త విరిగి ఉంటుంది చూడరా. అది అప్పగింతలది. రెండో పాట దగ్గర గీత పడింది, ముల్లు దాటేస్తుంది. అందుకని మొదటి పాట అవగానే తీసెయ్యాలి.” చూస్తే నిజంగానే అంచు విరిగి ఉంది. నేను ఇక్కడ ఎక్సెల్‌ షీట్‌లో రాసుకుంటూ పోయాను. మూడు ఆదివారాలు పట్టింది. పదకొండు ప్లేట్ల దగ్గర మాత్రం “గుర్తు రావట్లేదురా నాయనా” అన్నారు. మరో రెండేళ్లు ఆలస్యమైతే ఆ పదకొండు ఎన్నయ్యేవో!

పేరు పోతే పాట అనాథే

ప్లేటు మనకు పరాయి వస్తువేమీ కాదు. గ్రామఫోన్‌ కనిపెట్టిన ఎమిల్‌ బెర్లినర్‌ 1900 నాటికే కెనడాలోని మాంట్రియల్‌లో ప్లేట్ల వ్యాపారం మొదలుపెట్టారు. 1902లో ఆయన శిష్యుడు ఫ్రెడ్‌ గైస్‌బర్గ్‌ కలకత్తా వెళ్లి గౌహర్‌ జాన్‌ గొంతు రికార్డు చేశారు. ఆ పాత నల్ల ప్లేట్లలో కలిపే లక్కలో అధికభాగం మన దేశానిదే. వినైల్‌ ఎల్పీ వచ్చింది 1948లో.

ఇప్పుడు మన పాటలు తిరిగి వీళ్ల చేతికొచ్చాయి. ఇళయరాజా ‘దళపతి’ సంగీతంలోని ముక్కను ఎంఐఏ 2007లో తన ‘బాంబూ బంగా’ పాటలో వాడింది. అదే ఏడాది అమెరికన్‌ డీజే మ్యాడ్‌లిబ్‌ భారతీయ ప్లేట్లతో ఆల్బమే చేశాడు. 2002లో ‘అడిక్టివ్‌’ అనే హిట్‌ పాటలో లతా మంగేష్కర్‌ గొంతు వినిపించింది. సంగీత దర్శకుడు బప్పీ లహరి పేరు ఎక్కడా లేదు. ఆయన పేరు వేసేదాకా ఆ సీడీ అమ్మకాలు ఆపాలని మరుసటి ఏడాది అమెరికా కోర్టు ఆదేశించింది. పేరు ఎక్కడో రాసి ఉంది కాబట్టే ఆ వాదన నిలబడింది. మన ఊళ్లలోని పద్యనాటకాల ప్లేట్లు, బుర్రకథలు, చిన్న సినిమాల పాటలు అన్నీ ఇంటర్నెట్‌లోకి ఎక్కలేదు. వాటికి ఆ లేబులే జనన ధ్రువపత్రం.

ఈసారి ఊరెళితే..

అటక మీద ప్లేట్లుంటే పారేయకండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ, పొయ్యి వేడి తగలనీయకండి. లక్క ప్లేట్లు చేయిజారితే గాజులా పగులుతాయి, వాటికి ముల్లు కూడా వేరు. ఎల్పీ ముల్లుతో వాటిని మోగించకండి. లేబుల్‌ రెండు వైపులా ఫొటో తీసి సినిమా పేరు, గాయకులు, కంపెనీ, నంబరు రాసుకోండి.

అన్నిటికంటే ముందు, ఆ మైక్‌ సెట్‌ నడిపిన పెద్దాయన ఇంకా ఉంటే వెళ్లి పలకరించండి. ప్లేట్లు ఇంకొన్నేళ్లు ఆగుతాయి.