విరటుని కొలువు నుంచి దిగంబరుల దాకా

పెన్న సముద్రంలో కలిసే నెల్లూరు సీమకు కవిత్వంలో రాజకీయాగ్రహం కొత్త కాదు. పదమూడవ శతాబ్దిలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా, కవిగా వర్ధిల్లిన తిక్కన, ప్రభువు రాజ్యభ్రష్టుడైనపుడు ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుని సాయం అర్థించినాడని ప్రతీతి. ఆయన విరాటపర్వంలో కీచకుడు నిండుసభలో ద్రౌపదిని తన్నుతాడు. రాజు బావమరిదికి జంకి మిన్నకుంటాడు. ఆ రాత్రి వంటశాలలో భీముని ఎదుట ఆమె వెళ్లబోసుకొన్న దుఃఖాన్ని చదివినవారికి కీచకుని దుర్మార్గం కంటె కొలువు మౌనమే ఎక్కువ బాధ కలిగిస్తుంది. అయినా ఆ కోపం పాత్రది. కవి తెర వెనుకనే ఉన్నాడు.

ఏడువందల ఏండ్ల తరువాత ఆ తెరను తొలగించినవారిలో, నాడు నెల్లూరు జిల్లాలోనిదైన లింగసముద్రం వాస్తవ్యుడు మహాస్వప్న ఒకరు. అసలు పేరు కమ్మిశెట్టి వేంకటేశ్వరరావు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్యలతో కలిసి ఆయన దిగంబరకవిగా నిలిచారు. స్వాతంత్ర్యం వచ్చి పద్దెనిమిదేండ్లు గడిచాయి, చైనా యుద్ధపు అవమానం మానలేదు, తిండిగింజలకు కటకట. 1965లో హైదరాబాదు నడివీథిలో అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుడు వారి తొలి సంపుటిని ఆవిష్కరించాడు. 1966లో విజయవాడలో హోటలు పనివాడు రెండవదానిని, 1968లో విశాఖపట్టణంలో ఒక యాచకురాలు మూడవదానిని వెలువరించారు. మంత్రులకూ పీఠాధిపతులకూ దక్కే గౌరవం వారికి దక్కింది!

పండితులు ఈ కవిత్వాన్ని బూతు అని ఈసడించారు. కొంత నిజమే, తిట్టుకు ఆయుష్షు తక్కువ, ఆ సంపుటాలలో ఆరిపోయిన నిప్పులూ లేకపోలేదు. కాని ఆ పరుషత్వం అడుగున ఉన్నది నిరాశ అని వారు గమనించలేదు. నమ్మినవారే ఇంతగా తిట్టగలరు. మొదటినుంచీ నమ్మనివానికి తిట్టవలసిన అగత్యమేమి?

1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు అందులో చేరి తమ ఆగ్రహానికొక మార్గం చూపుకొన్నారు. మరుసటి ఏడు వారిలో నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజులు నిర్బంధానికి గురియైనారు. మహాస్వప్న, భైరవయ్యలు చేరలేదు. దీనిని పిరికితనమనడం సులభమే గాని న్యాయం కాదు. ప్రభుత్వంపై విశ్వాసం పోయినవారందరూ మరొక సిద్ధాంతంపై విశ్వాసం పెంచుకొనవలెనన్న నియమం ఎక్కడిది? ఆ ఒంటరితనం కూడా నిరాశలో ఒక నిజాయితీయే. 2019లో మహాస్వప్న కన్నుమూసేనాటికి తొలి సంపుటి వెలువడి యాభైనాలుగేండ్లు.