జీతం ఆగినా ఇల్లు ఆగకూడదు

2008 సెప్టెంబరు 15న న్యూయార్క్‌లో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆ సెగ హైదరాబాద్‌లో మాదాపూర్ ఐటీ కంపెనీలకు తగలడానికి ఎంతో కాలం పట్టలేదు. కొత్త నియామకాలు ఆగిపోయాయి. అదే సమయంలో, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల బండారం బయటపడింది. 2020లో కరోనా వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్-జూన్‌లో దేశ జీడీపీ అంతకు ముందు ఏడాదితో పోలిస్తే నాలుగో వంతుకు కాస్త తక్కువ మేర పడిపోయింది. 2023 జనవరిలో గూగుల్ ఒక్కటే 12,000 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది. మాంద్యం ఏ దేశంలో పుట్టినా మధ్యతరగతి గడప తొక్కేసరికి దాని తీరు ఒక్కటే. ఒకటో తారీఖున జీతం పడదు, ఐదో తారీఖున ఈఎంఐ మాత్రం ఖాతాలోంచి పోతుంది.

కష్టకాలం అనగానే కూరగాయల దగ్గరా, పాల దగ్గరా బిగబట్టడం మొదలుపెడతాం. అవి ఏ నెలకానెల తగ్గించుకోగలిగినవే. ఉద్యోగం పోయాక మన చేతిలో ఉండనివి వేరు: ఇంటి అప్పు, కారు వాయిదా, పిల్లల ఫీజు, ఊళ్లో అమ్మానాన్నల మందులు. పాడుకున్న చీటీని చాలామంది ఈ లెక్కలో మరిచిపోతారు. డబ్బు ఎత్తుకున్నాక చివరి నెల దాకా కట్టాల్సిందే కాబట్టి అదీ అప్పే. వీటన్నిటినీ భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని ఒక కాగితం మీద రాయాలి. ఏ అప్పు ఎంత ఉందో ఇంట్లో ఒక్కరికే తెలిసిన కుటుంబాలు మనలో ఎన్నో. ఆ గుట్టు ఉద్యోగం పోయిన రోజున బయటపడితే దెబ్బ రెండింతలవుతుంది.

ఆ కాగితం మీద తేలిన నెల ఖర్చు మొత్తానికి ఆరు రెట్ల డబ్బు బ్యాంకులో ఉండాలి. ఇంట్లో ఒక్క జీతమే ఉంటే ఏడాదికి సరిపడా ఉంటే మేలు. 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి రూ.5 లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఉంది. అంతకు మించితే రెండు బ్యాంకుల్లో పెట్టుకోండి.

బోనస్ రాగానే ఇంటి అప్పులో కట్టేయాలని మనసు లాగుతుంది. అది మంచి పనే, కానీ చేతి నిల్వ సిద్ధమయ్యాకే చేయాలి. కట్టేసిన సొమ్ము అవసరం వేళ మామూలు గృహరుణంలోంచి వెనక్కి రాదు. క్రెడిట్ కార్డు బాకీ మాత్రం ముందు తీర్చాలి. కనీస మొత్తం కడుతూ పోతే చాలా కార్డులపై నెలకు మూడు శాతానికి పైనే వడ్డీ పడుతుంది. వాయిదాల సడలింపు వస్తుందని ధీమాగా ఉండకండి. 2020లో రిజర్వు బ్యాంకు ఆరు నెలలు వాయిదాలు ఆపుకోనిచ్చింది. ఆగింది వాయిదానే, వడ్డీ పెరుగుతూనే పోయింది.

అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్న మనవాళ్లకు ఉద్యోగం పోతే సాధారణంగా దొరికే గడువు 60 రోజులే. కొత్త పని, వీసా, అద్దె, పిల్లల బడి అన్నీ ఆ రెండు నెలల్లోనే తేల్చుకోవాలి. తిరుగు ప్రయాణం ఖర్చు కూడా వాళ్ల నిల్వలో ఉండాలి.

ఇంకొక్క పని వాయిదా వేయకండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా మామూలుగా ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న బీపీ, షుగర్ లాంటి జబ్బులకు బీమా వర్తించడానికి మూడేళ్ల వరకూ ఆగాల్సి రావచ్చు. జీతం వస్తున్నప్పుడే, ఈ నెలలోనే ఆ పాలసీ తీసుకోండి.