దిమ్మెలు పేర్చి... కోట్లమందిని ఆడించాడు!

‘ఎప్పుడు చూసినా ఆ కంప్యూటర్‌ ముందేనా?’ ఇలా పిల్లల్ని కోప్పడని ఇల్లుండదేమో. స్వీడన్‌కు చెందిన మార్కస్‌ పెర్సన్‌ మాత్రం ఏడేళ్లకే కంప్యూటర్‌కి అతుక్కుపోయాడు. నాన్న తెచ్చిన కమొడోర్‌ 128లో, పత్రికల్లో అచ్చయిన ప్రోగ్రాములను చూసి టైపు చేసేవాడు. ఎక్కడ ఏ అక్షరం మారితే తెరమీద ఏం మారుతోందో గమనిస్తూ, ఎనిమిదేళ్లకే సొంతంగా ఓ గేమ్‌ రాసేశాడు. హైస్కూలు చదువు మాత్రం పూర్తి చేయలేదు.

పెద్దయ్యాక ప్రోగ్రామర్‌గా ఉద్యోగంలో చేరినా సొంత గేమ్‌ మీద మోజు పోలేదు. తీరిక వేళల్లో ఒక్కడే కూర్చుని జావా భాషలో ‘మైన్‌క్రాఫ్ట్‌’ రాశాడు. దిమ్మెలు తవ్వడం, వాటితో నచ్చింది కట్టుకోవడం... అంతే ఆట! పూర్తయ్యేదాకా ఆగకుండా 2009లోనే జనం ముందు పెట్టి, తక్కువ ధరకే అమ్మాడు. ఆడినవాళ్లు చెప్పిన లోపాలు సరిదిద్దుకుంటూ పోయాడు. అమ్మకాలు నిలదొక్కుకున్నాకే, 2010లో ఉద్యోగం మానేశాడు. ఆ ఏడాదే మిత్రులతో కలిసి కంపెనీ పెట్టాడు. 2011 నవంబరులో పూర్తిస్థాయి గేమ్‌ వచ్చింది.

2014లో మైక్రోసాఫ్ట్‌ ఆ కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొనేసింది. డబ్బు కోసం కాదు, మనశ్శాంతి కోసమే తప్పుకుంటున్నానన్నాడు మార్కస్‌. కోట్లమంది అభిమానుల ఆశలు మోయడం అతనికి భారమైంది మరి. 2023 నాటికి ఆ గేమ్‌ 30 కోట్ల కాపీలు దాటింది.

గేమ్‌లు చేస్తానని మీ అబ్బాయో అమ్మాయో అంటే, కోప్పడే ముందు ఒక్క మాట అడగండి... ‘ఏదీ, నువ్వు చేసింది చూపించు!’