సెల్‌ఫోనులో వార్తల ఫీడులు

గత మిరప కోతల కాలమున మన సంఘ సభ్యులలో నొకరి ఫోనునకు ఒక సందేశము వచ్చెను. గుంటూరు యార్డులో ధర హఠాత్తుగా పడిపోయినదనియు, ఇంకను పడుననియు నందు వ్రాసియుండెను. ఆయన భయపడి కల్లముమీదనే సరకును దళారికి తక్కువ ధరకు ఇచ్చివేసెను. పిమ్మట విచారింపగా నా సందేశము అంతకు ముందటి యేటిదని తేలినది. అందు తేదీ లేదు. వ్రాసినవారి పేరును లేదు. ఇట్టి నష్టము మఱియొకరికి కలుగకుండుటకై, వార్తలను వాని మూలస్థానమునుండియే తెప్పించుకొను మార్గము నొకదానిని సభ్యులకు విశదపఱుప నెంచితిమి.

పెక్కు పత్రికలును, కొన్ని ప్రభుత్వ కార్యాలయములును తమ వెబ్‌సైటులలో క్రొత్తగా ప్రకటించినవానిని శీర్షికతోను, తేదీతోను ఒక పట్టికగా నుంచును. దీనికే ఫీడు అని పేరు. ఆర్.ఎస్.ఎస్. అనబడు నీ పద్ధతి 1999లో పుట్టినది. ఫీడు రీడరు అను యాప్‌ను ఫోనులో నుంచుకొన్నచో, అది మనము కోరిన పట్టికలను మాత్రమే కొంతకాలమున కొకసారి చూచి, క్రొత్త వార్తలను తెచ్చి యొకచోట జేర్చును. పెద్దకాలువలో నీరెంత పారినను మన చేనికి వచ్చునది మనము తెఱచిన తూమునుండియే గదా! ఇదియు నట్టిదే. ఫేస్‌బుక్కు మొదలగువానిలో ఏ వార్త ముందు కనబడవలెనో ఆ సంస్థల లెక్కలే నిర్ణయించును. ఫీడు రీడరులోనో, సాధారణముగా తేదీ వరుసను క్రొత్తది పైన నుండును. ఎవరు ప్రకటించిరో ప్రక్కనే కనబడును.

ఇక నమర్చుకొను విధము. ఆండ్రాయిడ్ ఫోనులకు ఫీడర్ అను నుచితమైన యాప్ కలదు. ఖాతా తెఱువ నక్కఱలేదు. ఐఫోనులకు నెట్‌న్యూస్‌వైర్ ఉచితముగా లభించును. ఫీడ్లీ, ఇనోరీడర్ అనునవి రెండువిధముల ఫోనులలోను పనిచేయును గాని వానికి ఖాతా కావలెను. యాప్‌లో ఫీడు చేర్చుచోట మనకు కావలసిన సైటు చిరునామాను వ్రాసినచో, అందు ఫీడు కలదేని చాలవఱకు యాప్ తానే కనిపెట్టును. బీబీసీ తెలుగు, భారత ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయము మున్నగువానికి ఫీడులు కలవు. ఆరంభమున నాలుగైదింటికి మించి చేర్చుకొనరాదు. పోగు పెరిగినకొలది చదువుట తఱుగును.

అన్నింటికిని ఫీడులుండవు. పంటల సలహాలకు 2019లో వెలువడిన మేఘదూత్ యాప్ కలదు. అందు మంగళ, శుక్రవారములందు జిల్లాలవారీగా ప్రాంతీయ భాషలలో సలహాలు వచ్చును. మార్కెట్టు ధరలకు 2016లో ఆరంభమైన ఈ-నామ్‌ను చూడవచ్చును. తుపాను, పిడుగుల విషయమున మాత్రము ఫీడు రీడరును నమ్ముకొని యుండరాదు. అది యెడతెగక చూచునది కాదు. బ్యాటరీ పొదుపునకై ఫోను దానిని నిలిపివేయుటయు కలదు. అట్టి యత్యవసర హెచ్చరికలకు జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థవారి సచేత్ యాప్‌ను వేఱుగా నుంచుకొనవలెను.

మఱియొక జాగ్రత్త. పెక్కుమంది వాడుచుండిన గూగుల్ రీడరు 2013 జులైలో మూతపడినది. తమ ఫీడుల జాబితాను దాచుకొన్నవారు దానిని వేఱొక రీడరునకు సులభముగా తరలించుకొనిరి. ఆ జాబితాను ఓ.పి.ఎమ్.ఎల్. అందురు. మన రీడరులోనుండియు దానిని అప్పుడప్పుడు తీసి భద్రపఱచుకొనవలెను.

ఫీడు తెచ్చిన వార్తయెల్ల సత్యమని మేము చెప్పుట లేదు. చెప్పినవారెవరో, ఎప్పుడు చెప్పిరో తెలిసిన వార్తను విచారించుటకు వీలుండును. ఊరు పేరు లేని సందేశమునకు ఆ వీలు లేదు. పంట పండించుటకు ఆఱుమాసములు శ్రమించిన రైతు, దానిని అమ్మునప్పుడు తేదీ చూచుటకు ఒక్క నిమిషము వెచ్చించుట భారము కాదు. చదువుకొన్న పిల్లలు ఇంటనున్న సభ్యులు వారిచేత నేడే అమర్చుకొందురు గాక. తక్కినవారు ఫోనును సంఘ కార్యాలయమునకు తెచ్చినచో మేమే అమర్చి చూపగలము.