రింగు సందులోని వెలుగురేఖ

విజయవాడ ఆటోనగరులో, బోర్లు కొట్టు లేతు దుకాణముల నడుమ, రేకుల పంచ క్రింద కూర్చుండి పనిచేయు ఒక వృద్ధ మెకానిక్కు, విప్పిన మోటారు సైకిలు సిలిండరులోనికి క్రొత్త పిస్టను రింగు నొకదానిని దించి, పిస్టను తలతో దానిని వంకర లేకుండ లోనికి నెట్టి, సిలిండరును ఆకాశము వైపున కెత్తి ఒక కన్ను మూసి చూచుట నేను పలుమార్లు గమనించితిని. రింగు చుట్టును ఎక్కడను వెలుగు కానరాక, దాని రెండు కొసల నడుమ మాత్రము సన్నని తెల్లని గీత నిలిచినచో అతని మొగము తేటపడును. పిదప ఫీలరు గేజి రేకులను ఒక్కొక్కటిగా ఆ సందున దూర్చుచు, "పాతిక దిగింది, ముప్పై దిగట్లేదు" అని తనలో తాననుకొనును. పాతిక యనగా మిల్లీమీటరులో నూటికి ఇరువది యైదు వంతులు. ఆ తెల్లని గీతలో ఎంత గణితము దాగియున్నదో నాకు తెలియుటకు చాలకాలము పట్టినది.

నూరు సి.సి. ఇంజనులో బోరు వ్యాసము సుమారు 50 మిల్లీమీటర్లు. అందులో తిరుగాడు పిస్టనునకును, సిలిండరు గోడకును నడుమ ఉండవలసిన సందు సాధారణముగా 0.03, 0.04 మిల్లీమీటర్లు, అనగా ఒక తలవెండ్రుక అందు దూరలేదు. ఆ సందు చాలనిచో, వేడికి ఉబ్బిన పిస్టను నూనెపొరను చింపుకొని గోడను రాచుకొనును, నడిదారిలో ఇంజను పట్టివేయును. మించినచో పిస్టను అటునిటు కొట్టుకొనును, నూనె మండి నీలిరంగు పొగ వెలువడును. 1776లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రములకై జాన్ విల్కిన్సన్ తొలిచి యిచ్చిన 50 అంగుళముల సిలిండరులో ఏ చోటను పాత షిల్లింగు నాణెము మందమైనను తేడా లేదని, వాట్ భాగస్వామి మాథ్యూ బౌల్టన్ అబ్బురపడి వ్రాసెను. నాడు ప్రపంచమును మార్చిన సూక్ష్మత అది. నేడు ఆ నాణెము మందములో పదవవంతు తేడా వచ్చినను ఆటోనగరు మెకానిక్కు ఆ బోరును త్రిప్పి పంపివేయును.

ఇంత సూక్ష్మమును పట్టుకొనుటకు వేలకు వేలు పోసి పరికరములు కొనవలెనని పలువురు తలంతురు. నేనును ఒకప్పుడట్లే తలచితిని. కాని ధర తక్కువైన పరికరము ఎక్కడ తప్పునో ముందుగా తెలిసికొన్నచో, ఆ తప్పును తప్పించుకొని నడచుటకు దారులు కలవు.

తొలుత చేతికి వచ్చునది కాలిపర్సు. 1631లో పియెర్ వెర్నియెర్ వెల్లడించిన యుక్తి చాల అందమైనది: 49 మిల్లీమీటర్ల నిడివిని 50 భాగములు చేసిన జారుబద్దను అసలు బద్ద ప్రక్కన నిలిపినచో, ఏ గీత ఏ గీతతో కలిసినదో చూచి 0.02 వరకు చదువవచ్చును. ఏలయనగా రెండు గీతలు తిన్నగా ఒక్కటైనవో లేవో కనిపెట్టుటలో మానవనేత్రము మిక్కిలి చురుకైనది. నేటి డిజిటల్ కాలిపర్సు తెరపై 0.01 వరకు అంకె చూపును. అయితే చూపు అంకె వేరు, నమ్మదగిన అంకె వేరు. తయారీదారులే దానికి 0.02, 0.03 వరకు తప్పు ఉండవచ్చునని చెప్పుదురు. కారణమును ఎర్న్‌స్ట్ అబ్బే 1890లో స్పష్టపరచెను: కొలువబడు వస్తువును కొలబద్దయు ఒకే సరళరేఖపై నుండవలెను. కాలిపర్సులో బద్ద పైనుండును, వస్తువు దవడల నడుమ క్రిందనుండును. వ్రేలితో కొంచెము గట్టిగా నొక్కినచో జారుదవడ వాలును, అంకె మారును. కావున రింగు వెడల్పునకో, వాల్వు పొడవునకో దానిని వాడుకొనవచ్చును గాని, బోరును దానితో కొలిచి పిస్టను కొనుట సాహసమే.

మైక్రోమీటరు తీరు వేరు. అందు మరయు, వస్తువును ఒకే రేఖపై నుండును. 1848లో పారిస్‌కు చెందిన పాల్మెర్ దీనికి పేటెంటు పొందినందున ఫ్రెంచి పనివారు నేటికిని దీనిని అతని పేరుతోనే పిలుతురు. మర ఒక చుట్టు తిరిగినచో అర మిల్లీమీటరు ముందునకు జరుగును. ఆ చుట్టును డోలు అంచుమీద 50 భాగములుగా గీచియుందురు, ఒక్కొక్క భాగము 0.01 మిల్లీమీటరు. బొటనవ్రేలి లావున నుండు డోలుపై ఆ అర మిల్లీమీటరు నడక అయిదు సెంటీమీటర్లకు పైగా పరచుకొనుటచే, కంటికి నూరు రెట్లు పెద్దదిగ అగపడును. ఇక చేతి బలమును బట్టి కొలత మారకుండుటకు కొసన రాచెట్టు కలదు. అది టిక్కుటిక్కుమని జారిన తరువాతనే అంకె చదువవలెను. నాకు ఈ పని నేర్పినవారు మొదట నేర్పినది కొలుచుట కాదు, తుడుచుట: దవడల నడుమ తెల్లకాగితము నుంచి మెల్లగా బిగించి లాగి, ఆ పిదప సున్న సరిగా వచ్చుచున్నదో లేదో చూచుట. ఆ కాగితముపై పడు నల్లని చార ఎంత కొలతను పాడుచేయునో చూచినవారు దానిని మఱువలేరు.

అయినను సెకండుహ్యాండులో కొన్న మైక్రోమీటరు నిజము చెప్పుచున్నదని పూచీ ఎవరిది? ప్రయోగశాలలవారు దీనికై గేజి దిమ్మెలు వాడుదురు. మనకు వీధి చివరి బేరింగుల దుకాణము చాలును. బాల్ బేరింగుపై 6204 అని ఉన్నచో దాని లోపలి వ్యాసము 20 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 47. చివరి రెండంకెలను 5తో హెచ్చించినచో లోపలి వ్యాసము వచ్చును. 04 మొదలుకొని పైకి ఈ లెక్క నడచును. సాధారణ తరగతి బేరింగులోనైనను ఆ 47 మిల్లీమీటర్ల కొలత పెరుగరాదు, తరిగినను 0.011కి మించి తరుగరాదు. కొన్ని వందల రూపాయలకు ఇంత నమ్మకమైన ఉక్కు ప్రమాణము మరియొక చోట లభింపదని నా విశ్వాసము. క్రొత్త బేరింగును, పేరున్న తయారీదానిని, కొనవలెను సుమా. దాని వెలుపలి వలయముపై మైక్రోమీటరును పరీక్షించి, 6210 బేరింగు లోపలి 50 మిల్లీమీటర్ల వలయముతో బోరు డయలు గేజిని సరిచేసికొని, పిమ్మట సిలిండరులో దించినచో, ఆ గేజి చెప్పవలసినది 50 మిల్లీమీటర్లు కాదు, ఆ 50కి ఎంత హెచ్చో ఎంత తగ్గో మాత్రమే. పూర్తి పొడవును కొలుచుటలో తడబడు సాధనము స్వల్పభేదమును పోల్చి చెప్పుటలో ఎంతో నమ్మకముగ పనిచేయును.

మన సీమలో వేడిమిని మఱువరాదు. కొలతలకు ప్రమాణోష్ణము 20 డిగ్రీలు. రెంటచింతల వేసవిలో అది 45. ఆ 25 డిగ్రీల తేడాకు 50 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టను సుమారు 0.029 పెరుగును, పోతయినుప బోరు సుమారు 0.014 పెరుగును. మైక్రోమీటరు ఉక్కుది కనుక, అదియు బోరుతో ఇంచుమించు సమముగ సాగి బోరు విషయమున నిజమే చెప్పును గాని, పిస్టనును మాత్రము 0.015 లావుగ చూపును. ఉండవలసిన సందే 0.03 అయినప్పుడు అందు సగము ఎండ తినివేసినదన్నమాట. అందుచేతనే ఆ వృద్ధుడు సిలిండరును, పిస్టనును, మైక్రోమీటరును రాత్రియెల్ల ఒకే బల్లపై నుంచి తెల్లవారుజామున కొలుచును; లేతునుండి అప్పుడే దిగిన వెచ్చని బోరును ఎన్నడును ముట్టడు.

ఇక రింగు కథ. బండిచక్రమునకు ఇనుపపట్టా తొడుగు కమ్మరి చక్రపు వ్యాసము జోలికి పోడు. చుట్టుకొలతనే కొలిచి, పట్టాను అంతకు కొంచెము పొట్టిగ అతికి, మంటలో కాల్చి సాగదీసి, చక్రముపై దించి నీళ్ళు చల్లును. చుట్టుకొలత వ్యాసమునకు 3.14 రెట్లు గనుక, వ్యాసములో దొరకని తేడా చుట్టుకొలతలో దొరకును. పిస్టను రింగు నిడివి మారదు. బోరు అరిగి వ్యాసము హెచ్చినచో చుట్టుకొలత హెచ్చును, ఆ హెచ్చినదంతయు రింగు కొసల నడుమ సందుగా తెరచుకొనును. అనగా ఆ రింగే మూడు రెట్లు పెద్దది చేసి చూపు కొలసాధనము. పిస్టను రింగులు చేరని అడుగుభాగమున బోరు అరుగదు. పై రింగు ఆగి వెనుకకు మరలు చోట, నూనె తక్కువ, వేడియు ఒత్తిడియు ఎక్కువ గనుక, హెచ్చుగ అరుగును. అడుగున సందు 0.25, పైన 0.50 వచ్చినచో, భేదము 0.25ను 3.14తో భాగింపగా వ్యాసములో అరుగుదల 0.08. ఫీలరు గేజి తప్ప మరియే పరికరమును లేకుండ!

ఒకనాడు సరిగా ఆ లెక్కయే వచ్చినది. అయినను రింగు చెప్పునది సగటు మాత్రమేనని, బోరు కోలగ అరిగినచో అది దాచివేయునని ఎరిగినవాడు గనుక, ఆ వృద్ధుడు ప్రక్క దుకాణము నుండి బోరు గేజి తెచ్చి, బేరింగు వలయముతో సరిచేసి, సిలిండరులో దించి మెల్లగా ఊపుచు ముల్లు మరలు అత్యల్పస్థానమును చదివెను. పిస్టను పిన్ను దిక్కున 0.05, దానికి అడ్డముగ, పిస్టను ఒరసికొను దిక్కున 0.10. సగటు 0.075. రింగు చెప్పినది 0.08. ఒకదాని నొకటి ఎరుగని రెండు సాధనములు ఒకే మాట చెప్పినప్పుడు కలుగు సంతోషము నేను మాటలలో చెప్పలేను.

అడ్డముగ వచ్చిన 0.10 అరుగుదల ఓర్వదగిన హద్దును చేరినది గనుక, అతడు సిలిండరు రెక్కపై సుద్దతో 50.25 అని వ్రాసి, ఓవర్‌సైజు పిస్టను తెప్పించి, పిన్నుకు అడ్డముగ అంచు దాపున మైక్రోమీటరుతో దానిని కొలిచెను. పిస్టను కొంచెము కోలగను, పైకి పోవుకొలది సన్నముగను ఉండును గనుక కొలువవలసిన చోటు అదియే. పిదప సిలిండరును, పిస్టనును ఒకే గుడ్డలో చుట్టి, "పిస్టన్ చూసి బోరు కొట్టమను, అంకె చూసి కాదు" అని చెప్పి పిల్లవానిని లేతు దుకాణమునకు పంపెను.