కోణాలు కుదరని స్థలంలో కుదురైన ఇల్లు

చెన్నైలో స్థలాన్ని గ్రౌండులలో లెక్కిస్తారు. ఒక గ్రౌండు 2,400 చదరపు అడుగులు. కొత్త లేఅవుట్లలో అది నలభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవుతో చక్కని దీర్ఘచతురస్రంగా దొరకవచ్చు. పాత పేటల సంగతి వేరు. ముత్యాలపేట, పెద్దనాయకునిపేట, తిరువల్లిక్కేణి, మైలాపూరు వంటి చోట్ల తరతరాల పంపకాలతో ఎన్నో స్థలాలు సన్నని పట్టీలయ్యాయి. వీధి వంపు తిరిగిన చోట కొన్ని ముక్కోణాలుగా మిగిలాయి. అన్నదమ్ముల పంపకంలో అటువంటి వాటా వచ్చినవారికి, దానిని అమ్మి మరొకచోట కొనే స్తోమత తరచుగా ఉండదు. ఉన్నచోటనే గాలి, వెలుతురు గల ఇల్లు కట్టుకోవడం ఎలాగన్నదే వారి సమస్య.

మొదటి పని కొలత. నాలుగు భుజాల పొడవు తెలిస్తే వైశాల్యం తెలిసినట్లేనని చాలామంది భావిస్తారు. అది సరికాదు. ఎదురెదురు భుజాలు 30, 40 అడుగులు గల స్థలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మూలలు సమకోణాలైతే కర్ణం 50 అడుగులు, వైశాల్యం 1,200 చదరపు అడుగులు. అవే భుజాలుండి స్థలం ఒక పక్కకు ఒరిగి, పొట్టి కర్ణం 40 అడుగులైతే వైశాల్యం సుమారు 1,112 చదరపు అడుగులే. తేడా 88 అడుగులు. ఒక వంటగదికి సరిపడే చోటు. త్రిభుజానికి మూడు భుజాలు తెలిస్తే ఆకారం స్థిరపడుతుంది. చతుర్భుజానికి నాలుగు భుజాలు తెలిసినా స్థిరపడదు. అందుకే సర్వేయర్లు స్థలాన్ని త్రిభుజాలుగా విడదీసి కొలుస్తారు. గృహస్థులు కూడా కర్ణాన్ని కొలిపించాలి. దస్తావేజులోని కొలతలు, పట్టాలోని విస్తీర్ణం, నేలమీది హద్దులు మూడూ సరిపోలాలి. తేడా ఉంటే పునాది తవ్వకముందే సర్వే చేయించుకోవడం మేలు. గోడ లేచిన తరువాత తేలే హద్దు తగాదా ఇరుగుపొరుగుల మైత్రిని, కూడబెట్టిన సొమ్మును కూడా హరిస్తుంది.

రెండవది, చుట్టూ విడువవలసిన ఖాళీ. తమిళనాడు సంయుక్త అభివృద్ధి, భవన నిర్మాణ నియమావళి–2019 ప్రకారం ముందు భాగంలో విడువవలసిన ఖాళీ వీధి వెడల్పుపై ఆధారపడుతుంది. హద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు గోడ హద్దుకు అత్యంత సమీపంగా వచ్చే చోట కూడా ఆ ఖాళీ తగ్గరాదు. రెండు వీధులు కలిసే మూలస్థలమైతే, మలుపులో చూపు అడ్డుపడకుండా ఆ మూలను కోసి విడువాలి. ఇవన్నీ తీసివేయగా మిగిలిన ఆకారమే నిజంగా కట్టదగిన స్థలం. నమూనా దానినుండి మొదలు కావాలి.

ఆ ఆకారంలో పట్టే దీర్ఘచతురస్రాన్ని ముందుగా గుర్తించి, పడకగదులను, వంటగదిని అందులో అమర్చడం ఉత్తమం. మంచం, బీరువా వాలుగోడకు ఆనుకొని ఇమడవు. మిగిలిన మూలలు మెట్లకు, స్నానాలగదికి, సామాన్ల కొట్టుకు ఉపకరిస్తాయి. ఖాళీగా విడిచిన ముక్కోణం ఇంకుడుగుంతకు చక్కగా సరిపోతుంది. తమిళనాడులో 2003 నుండి వాననీటి సేకరణ భవనాలకు తప్పనిసరి. వాలుహద్దు పొడవునా గోడను మెట్లు మెట్లుగా వెనుకకు జరపవచ్చు. అయితే స్తంభాలు, దూలాలు వీలైనంత వరకు నేరు వరుసలలోనే ఉండాలి. 2002లో సవరించిన జాతీయ ప్రమాణం చెన్నైని మూడవ భూకంప మండలంలో చేర్చింది. మెలికలెక్కువైన కట్టడం కంపనాన్ని సమంగా తట్టుకోలేదు.

సన్నని స్థలాలకు దారి పూర్వులే చూపారు. పాత వీధులలోని ఇళ్లకు ముఖం ఇరుకు, లోతు ఎక్కువ. పక్కగోడలకు కిటికీలు పెట్టే అవకాశం లేదు. అందువల్ల వీధివైపు అరుగు, నడుమ ఆకాశానికి తెరచిన మండువా, వెనుక పెరడు ఉంచారు. వెలుతురు పైనుండి దిగేది. వేడిగాలి ఆ దారినే పైకి పోయేది. నేటి మేడ ఇంటిలోనూ మెట్ల పక్కన చిన్న తెరపి విడిస్తే నడిమి గదికి పగలు దీపం అక్కరలేదు. మధ్యాహ్నం తూర్పు, ఆగ్నేయ దిశల నుండి వచ్చే సముద్రపు గాలికి కిటికీలు, పడమటి ఎండకు కొట్టుగదులు, మెట్లు అడ్డుగా ఉంటే చల్లదనం నిలుస్తుంది.

ముందు ఇరుకై వెనుక విశాలమైన గోముఖ స్థలం నివాసానికి, దానికి విపరీతమైన సింహముఖ స్థలం వ్యాపారానికి అనుకూలమని వాస్తు సంప్రదాయం చెబుతుంది. ఇల్లు వీధి సందడికి దూరంగా ఉండాలి, అంగడి వీధికి కనబడాలి అనే వ్యవహారజ్ఞానం కూడా అందులో కనిపిస్తుంది.

2024 జులై 22 నుండి, 2,500 చదరపు అడుగుల వరకు గల స్థలంలో 3,500 చదరపు అడుగుల లోపు కట్టే ఇళ్లకు స్వీయధ్రువీకరణతో అనుమతి లభిస్తోంది. అనుమతి సులభమైనకొద్దీ బాధ్యత యజమానిపై పెరుగుతుంది. తప్పు కొలతలపై పొందిన అనుమతి ఇంటికి రక్షణ కాదు. స్థలం వంకర అయినా లెక్క నేరుగా ఉంటే, ఆ ఇంట కాపురం నిశ్చింతగా సాగుతుంది.